సెలవు మీద ఆయన వస్తున్నారు, కండోమ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. నాకు 27 ఏళ్లు, మూడేళ్ల బాబు ఉన్నాడు. మా ఆయన దుబాయిలో పని చేస్తారు, రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తారు. పోయినసారి వచ్చినప్పుడు కండోమ్ చిరిగిపోయింది. ఎవరిని అడగాలో తెలియక నాలుగో రోజు మెడికల్ షాపు నుంచి మాత్ర తెప్పించుకుని వేసుకున్నాను. ఆ నెల బహిష్టు పది రోజులు ఆలస్యమైంది. ఆ పది రోజులూ టెన్షన్‌తో అన్నం సయించలేదు. వచ్చే నెలలో ఆయన మళ్లీ వస్తున్నారు. వందలో 15 కండోమ్‌లు ఫెయిలవుతాయని మా చెల్లెలు ఫోన్‌లో చూపించింది. ఈసారి ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుందామని ఆయన అంటున్నారు. ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేవి నాసిరకమంటారు, నిజమేనా? మా అత్తమ్మేమో ఇంకొకర్ని కనేసి ఆపరేషన్ చేయించుకో, ఈ గోల ఉండదు అంటోంది. ఇంకో భయం కూడా ఉంది. మా పక్క ఊళ్లో ఒకాయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక హెచ్‌ఐవీ ఉందని తేలింది. మా ఆయన మీద నాకు అనుమానం లేదు, కానీ ఆ భయం మాత్రం పోవడం లేదు. టెస్ట్ సంగతి ఎత్తితే ఆయన ఏమనుకుంటారో. — ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందుగా ఆ 15 సంగతి చూద్దాం. మీ భయంలో సగం అక్కడి నుంచే వచ్చింది.

ఆ లెక్క ఉన్నదే, కానీ దాని అర్థం వంద కండోమ్‌లలో 15 చిరుగుతాయని కాదు. వంద జంటలు ఏడాదంతా కండోమ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, ఆ ఏడాదిలో ఎంతమందికి గర్భం వచ్చిందన్నది ఆ లెక్క. అమెరికాలో జంటలను అడిగి కట్టింది. ఇప్పుడు చెప్పే సంఖ్య 13. పాత పుస్తకాల్లో 15 అనీ, 18 అనీ ఉంటుంది. ప్రతిసారీ, మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా వాడితే అది 2కు తగ్గుతుంది. ఏమీ వాడకపోతే వందలో 85 మందికి ఏడాది తిరిగేలోపే గర్భం వస్తుంది.

మరి 13కీ 2కీ మధ్య ఉన్న ఆ 11 మంది ఎవరు? 'ఈ ఒక్క రోజుకు పర్లేదులే' అనుకున్నవాళ్లు, మొదట్లో లేకుండా మొదలుపెట్టి చివర్లో తొడుక్కున్నవాళ్లు, సగంలో తీసేసినవాళ్లు. మీ పద్ధతి ఏమిటని అడిగితే వాళ్లంతా కండోమ్ అనే చెప్పారు కాబట్టి, వాడని రోజు వచ్చిన గర్భం కూడా కండోమ్ ఖాతాలోనే పడింది. సరిగ్గా వాడినప్పుడు కండోమ్ చిరగడం వందకు ఒకటో రెండో, అంతే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ 15 అన్నది తలరాత కాదని మీకు తెలియాలి. దాన్ని 2 దగ్గరికి తెచ్చుకోవడం చాలావరకు మీ ఇద్దరి చేతుల్లోనే ఉంది.

పోయినసారి ఎందుకు చిరిగిందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలిసి ఉండదు. నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: కొబ్బరినూనె రాశారా? మనవైపు ప్రతి ఇంట్లో చేతికి అందేది అదే. వ్యాజిలైన్, బేబీ ఆయిల్, బాడీ లోషన్, వెన్న, నెయ్యి ఏదైనా ఒకటే. మామూలు కండోమ్ రబ్బరు పాలతో, అంటే లేటెక్స్‌తో చేస్తారు. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లోనే బలం కోల్పోతుంది. పైకి ఏ తేడా కనిపించదు, కాస్త ఒత్తిడి పడగానే చిరిగిపోతుంది. తెల్లబట్ట, దురద ఉన్నప్పుడు యోనిలో పెట్టుకోమని ఇచ్చే క్లోట్రిమజోల్ లాంటి కొన్ని క్రీములు, మందుబిళ్లల్లోనూ నూనె ఉంటుంది. అవి వాడుతున్న రోజుల్లో కండోమ్‌ను నమ్ముకోకూడదు. ఈ మాట మందు ఇచ్చేటప్పుడే చెప్పాలి, చాలాచోట్ల చెప్పరు.

అలాగని తడి లేకుండా ఉండటం కూడా మంచిది కాదు. రెండేళ్ల ఎడబాటు తర్వాత తొందర ఉంటుంది, పైగా ఇంటి నిండా చుట్టాలు. బెరుకులో ఒళ్లు సిద్ధం కాకముందే కలిస్తే యోని పొడిగా ఉంటుంది, ఆ రాపిడికి కూడా కండోమ్ చిరుగుతుంది. మీకూ నొప్పి. మెడికల్ షాపులో నీళ్లతో చేసిన లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది. సిలికాన్‌తో చేసిందైనా పనికొస్తుంది. ఒక ట్యూబు ముందే తెప్పించి పెట్టుకోండి. కండోమ్ తొడిగాక దాని బయటివైపు రాయాలి. ఏమీ దొరక్కపోతే నూనె జోలికి పోకుండా కాసేపు ఓపిక పట్టండి.

తర్వాతి అనుమానం ఎండ మీద. మీ వైపు ఎండలు ఎలా ఉంటాయో నేను చెప్పాలా? రామగుండం దగ్గరే కదా. రేకుల ఇంట్లో అటక మీద, బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్‌కు గడువు తేదీ ఇంకా ఉన్నా దాన్ని నమ్మకండి. వేడికి లేటెక్స్ పాడవుతుంది. ప్యాంటు వెనక జేబులో పర్సులో పెట్టుకుని తిరిగిందీ అంతే, ఒత్తిడికి కవరు నలిగి లోపలి జెల్ ఆరిపోతుంది. పోయినసారి సెలవులో కొని మిగిలినవి బీరువాలో ఉంటే వాటిని పారేయండి, కొత్తవి తెచ్చుకోండి.

ఇక రెండు వేసుకోవడం గురించి. వద్దు. ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు కానీ రెండు రబ్బరు పొరలు ఒకదానికొకటి రాసుకుంటే చిరిగే ప్రమాదం, జారిపోయే ప్రమాదం పెరుగుతాయే తప్ప తగ్గవు. తయారీదారులు కూడా ఒకటే వాడమని చెబుతారు. మగవాళ్ల కండోమ్, ఆడవాళ్ల కండోమ్ కలిపి వాడటం కూడా ఇదే తప్పు. రెండో రక్షణ కావాలన్న ఆయన ఆలోచన మాత్రం సరైనదే. ఆ రెండోది ఏదై ఉండాలో కింద చెబుతాను.

తొడగడంలో జరిగే తప్పులు చాలా చిన్నవి. ప్యాకెట్‌ను వేళ్లతో నొక్కితే లోపల గాలి ఉన్నట్టు మెత్తగా తగలాలి. గాలి లేకుండా అణిగిపోయి ఉంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. కండోమ్‌ను ఒక పక్కకు నెట్టి, రెండో పక్క అంచును చేత్తోనే చింపాలి. పంటితో, కత్తెరతో కాదు. తొడిగేటప్పుడు చుట్ట బయటివైపు ఉండాలి, అప్పుడే కిందికి సాఫీగా విచ్చుకుంటుంది. విచ్చుకోకపోతే తిరగేసి పెట్టారన్నమాట. అప్పుడు చాలామంది దాన్నే తిప్పి మళ్లీ వాడతారు. అలా చేయకూడదు, ఆ సరికే దాని మీద వీర్యం అంటి ఉండొచ్చు. కొత్తది తీయండి. చివర ఉన్న చిన్న బొడిపెను రెండు వేళ్లతో నొక్కిపట్టి, గాలి లేకుండా చేసి, మొదలుదాకా దించాలి. ఆ గాలి లోపల ఉండిపోతే వీర్యానికి చోటు లేక అక్కడే చిరుగుతుంది. పని అయ్యాక అంగం సడలకముందే, కండోమ్‌ను మొదలు దగ్గర పట్టుకుని ఆయన బయటికి రావాలి. అలాగే పడుకుండిపోతే జారి లోపలే ఉండిపోతుంది. ఇదంతా ఆయన పని అని మీరు పక్కకు తిరిగి పడుకోకండి. తొడిగేటప్పుడు మీరు చూడొచ్చు, మీరే తొడగొచ్చు కూడా. గర్భం వస్తే మోసేది మీరే కదా అమ్మా.

'ఎక్కువసేపు' అని రాసి అమ్మేవాటి గురించి ఒక మాట. వాటిలో లోపలివైపు బెంజోకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఉంటుంది. తిరగేసి తొడిగితే ఆ మందు మీకు తగులుతుంది. మీరు మొదట్లోనే వాటి జోలికి పోకండి, మామూలు రకమే మంచిది. వీర్యకణాలను చంపే నోనోక్సినాల్-9 రాసినవీ వద్దు. ఆ మందు తరచూ తగిలితే లోపలి పొర పుండులా మారి హెచ్‌ఐవీ సోకే అవకాశం ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. లేటెక్స్ పడక ఇద్దరిలో ఎవరికైనా దురద, దద్దుర్లు వస్తే పాలీయురెథేన్‌తో, పాలీఐసోప్రీన్‌తో చేసినవి ఉన్నాయి, కాస్త ఖరీదు ఎక్కువ.

ఉచితంగా ఇచ్చేవి నాసిరకమన్న మాట తప్పు. ఈ అపవాదు పాతది. నిరోధ్ 1968లో వచ్చింది. ఒక్కోటి ఐదు పైసలకు, టీపొడి, సబ్బుల కంపెనీల సరఫరా వాహనాల్లోనే వేసి పల్లెల్లో కిరాణా కొట్లదాకా చేర్చారు. మన పెద్దవాళ్ల కాలంలో మందంగా, వాసనగా ఉంటుందన్న పేరు దానికి పడింది, ఆ పేరే ఇప్పటికీ నడుస్తోంది. నిరోధ్ తయారుచేసే హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్ కేరళలో పుట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. షాపుల్లో దొరికే మూడ్స్ కూడా ఆ సంస్థదే. ధరలో తేడా సువాసన, చుక్కలు, గీతలు, డబ్బా మీద బొమ్మ వల్ల వచ్చేదే ఎక్కువ.

మన దేశంలో కండోమ్‌ను మందులతో సమానంగా చూస్తారు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద ఉంటుంది. ప్రమాణాలు ఎలా ఉండాలో ఆ నిబంధనల్లోని షెడ్యూల్ ఆర్‌లో రాశారు, తర్వాత 2017లో వచ్చిన వైద్య పరికరాల నిబంధనల్లోకీ తెచ్చారు. లైసెన్స్ లేకుండా తయారు చేయకూడదు. ఫ్యాక్టరీలో ప్రతి కండోమ్‌నూ లోహపు అచ్చుకు తొడిగి కరెంటుతో పరీక్షిస్తారు. సూదిమొనంత చిల్లున్నా కరెంటు అందులోంచి పారుతుంది, దాన్ని తీసేస్తారు. ఆపైన ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని తీసి 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చుక్క కారుతుందేమో చూస్తారు. ఇంకొన్నింటిలో పగిలేదాకా గాలి నింపుతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు సైజు కండోమ్ కనీసం 18 లీటర్ల గాలి పట్టాలి. మనం ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను తలచుకోండి, దాదాపు అంత ఉబ్బినా పగలకూడదు. నమూనాల్లో విఫలమైనవి హద్దు దాటితే ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సిందే. ఉచితమైనా, వందలు పెట్టి కొన్నా దాటాల్సిన పరీక్షలు ఇవే.

కాబట్టి మీరు చూడాల్సింది ధర కాదు, కవరు. లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, గడువు తేదీ ప్రతి కండోమ్ కవరు మీదా, డబ్బా మీదా చదివేలా ఉండాలి. చెరిగిపోయినవి, రోడ్డు పక్కన బండి మీద ఎండలో పెట్టి అమ్మేవి వద్దు. ఆశా కార్యకర్త దగ్గరో, పీహెచ్‌సీలోనో తీసుకున్నా ఇదే చూడండి, అక్కడ నిల్వ ఎక్కడ పెట్టారో మనకు తెలియదు కదా. కండోమ్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, దాని మీద జీఎస్టీ కూడా లేదు. ప్రభుత్వం దాన్ని అంత అవసరమైనదిగా లెక్కగట్టింది. కానీ 2017 డిసెంబరులో అదే ప్రభుత్వం ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా టీవీలో కండోమ్ ప్రకటనలు వేయొద్దని చానళ్లకు చెప్పింది. అభ్యంతరాలు రావడంతో అసభ్యంగా లేనివి వేయొచ్చని తర్వాత వివరణ ఇచ్చింది. ఆ ప్రకటనల్లో చాలావాటికి చదువు చెప్పే ఉద్దేశం లేదన్నది నిజమే. కానీ బడిలో చెప్పక, ఇంట్లో చెప్పక, షాపులో పేపర్లో చుట్టి నల్ల కవరులో వేసిచ్చే ఊళ్లలో ఒక ఆడపిల్ల ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? మీరు నాలుగు రోజులు ఎవరినీ అడగలేకపోయారంటే ఆ తప్పు మీది కాదు.

ఆ నాలుగు రోజుల సంగతి. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల అత్యవసర మాత్రను 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. చీటీ లేకుండానే ఇస్తారు. అది అండం విడుదలను ఆపుతుంది లేదా వాయిదా వేస్తుంది. అండం అప్పటికే విడుదలైపోతే ఆ మాత్రతో పెద్ద ఉపయోగం ఉండదు. నాలుగో రోజుకు దాని బలం చాలా తగ్గిపోతుంది కాబట్టి, మీకు గర్భం రాకపోవడంలో ఆ మాత్ర వాటా ఎంతో చెప్పలేం. నెలసరి వెనక్కి జరగడం ఆ మాత్రతో మామూలే. ఈసారి ఏదైనా జరిగితే అదే రోజు వేసుకోండి. ఒకటి ఇంట్లో ఉంచుకోవడంలో తప్పు లేదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. నెలసరి వారం దాటి ఆలస్యమైతే అన్నం మానేసి కూర్చోకుండా మూత్ర పరీక్ష కిట్ తెచ్చుకోండి. ఒకవేళ 72 గంటలు దాటిపోతే, ఐదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకుంటే గర్భం దాదాపు నూటికి నూరు పాళ్లు ఆగుతుంది. ఈ సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. ఆ రోజు మీకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ పది రోజుల నరకం తప్పేది. అత్యవసర మాత్రను మాత్రం ప్రతిసారీ వేసుకునే మాత్రలా వాడకండి. నెలసరి అస్తవ్యస్తమవుతుంది, పైగా మామూలు పద్ధతుల కంటే అది బలహీనమైంది.

ఇప్పుడు ఆ రెండో రక్షణ. మీ పరిస్థితి మిగతావాళ్లది లాంటిది కాదు. మీకు రక్షణ కావాల్సింది రెండు నెలలు, ఆ తర్వాత చాలాకాలం అక్కర్లేదు. అందుకే గర్భం రాకుండా ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్ గురించి ముందు చెబుతున్నాను. ఒక్క ఇంజెక్షన్ మూడు నెలలు పనిచేస్తుంది, అంటే ఆయన సెలవు మొత్తానికి ఒక్కటి సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు చేయించుకుంటే అప్పటి నుంచే రక్షణ ఉంటుంది. మాత్ర మర్చిపోయే బాధ లేదు, ఇంట్లో ఎవరి కంటా పడదు. ఇబ్బందేమిటంటే నెలసరి లెక్క తప్పుతుంది. కొందరికి మచ్చలు మచ్చలుగా కనిపిస్తూ ఉంటుంది, కొందరికి కొన్ని నెలలు అసలు రాదు. అది ప్రమాదం కాదు, కానీ ముందే తెలియకపోతే మళ్లీ పోయినసారిలాగే కంగారు పడతారు. ఆపేశాక గర్భం నిలవడానికి కూడా టైం పడుతుంది, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత ఏడు నుంచి పది నెలలు. మీకు ఇప్పుడప్పుడే రెండో కాన్పు ఆలోచన లేకపోతే అది పెద్ద అడ్డంకి కాదు.

మాత్రలే మేలనుకుంటే మాలా-ఎన్ ఉచితంగా ఇస్తారు. నెలసరి వచ్చిన ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఆయన వెళ్లిపోయాక ఆ ప్యాకెట్ పూర్తిచేసి ఆపేయొచ్చు. బీపీ, తీవ్రమైన మైగ్రేన్ ఉంటే డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఛాయా మాత్రలు లక్నోలోని మన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టినవి, వాటిలో హార్మోన్ లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నెల రోజుల్లో ఆయన వస్తున్నారు కాబట్టి మీకు ఈసారికి అది అంత అనువు కాదనిపిస్తోంది. కాపర్-టి ఒకసారి వేయించుకుంటే రకాన్ని బట్టి ఐదేళ్లో పదేళ్లో ఉంటుంది, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. వందలో ఒక్కరికి కూడా ఏడాదిలో గర్భం రాదు. వచ్చే సెలవుకూ, ఆ పై సెలవుకూ కూడా ఆలోచన లేకుండా పోతుంది. మొదటి కొన్ని నెలలు రక్తస్రావం, నొప్పి కాస్త ఎక్కువగా ఉండొచ్చు. చివరి నిమిషంలో బయటికి వచ్చేయడాన్ని మాత్రం పద్ధతిగా లెక్కేసుకోకండి. దాన్నే నమ్ముకున్న వంద జంటల్లో 20 మందికి ఏడాదిలో గర్భం వచ్చింది.

ఆడవాళ్ల కండోమ్ గురించి కూడా తెలిసి ఉండాలి. రెండు రింగులుండే మెత్తటి సంచి లాంటిది, కలయికకు ముందే మీరే లోపల అమర్చుకోవచ్చు. కండోమ్ అంటే మగవాళ్లు మొహం తిప్పుకునే ఇళ్లలో ఆడవాళ్ల చేతిలోనే ఉండే కండోమ్ అది. మన దేశంలోనే తయారవుతుంది, కానీ చిన్న ఊళ్ల షాపుల్లో దొరకదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అలవాటు కావడానికి రెండు మూడుసార్లు పడుతుంది. గర్భం ఆపడంలో మగవాళ్ల కండోమ్ కన్నా కొంచెం వెనకే.

అత్తమ్మ చెప్పిన ఆపరేషన్ మాటకు వస్తాను. మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా అది చేయించుకున్నవాళ్లే. తెలంగాణ కూడా దీనికి పెద్ద దూరంలో లేదు. కండోమ్ వాడే జంటలు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ. ఆపరేషన్ గర్భాన్ని బాగా ఆపుతుంది, అందులో సందేహం లేదు. కానీ 27 ఏళ్లకు, పోయినసారి కండోమ్ చిరిగిందన్న భయంతో తీసుకోవాల్సిన నిర్ణయం కాదది. తిరిగి కలపడం పెద్ద ఆపరేషన్, ఫలితం కూడా గ్యారంటీ లేదు. గోల తీరాలని ఇంకో బిడ్డను కనడం అంతకంటే పెద్ద నిర్ణయం. రెండో బిడ్డ కావాలో వద్దో, ఎప్పుడో మీరిద్దరూ అనుకోవాలి. అత్తమ్మకు ఎదురు చెప్పక్కర్లేదు, 'డాక్టరమ్మ ఇంజెక్షన్ రాసింది, తర్వాత చూద్దామంది' అని నా పేరు చెప్పండి. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇంకొకటి ఉంది. ఆపరేషన్ అయిన ఇంట్లో ఇక కండోమ్‌తో పనేంటి అనుకుంటారు. ఆపరేషన్ గానీ, ఇంజెక్షన్ గానీ, కాపర్-టి గానీ, మాత్ర గానీ ఒక్క జబ్బును కూడా ఆపవు. గర్భం ఆపే పద్ధతుల్లో ఇప్పటికీ ఆ పని కూడా చేసేది కండోమ్ ఒక్కటే.

భార్యాభర్తల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న జంటలను గమనించిన అధ్యయనాల్లో, ప్రతిసారీ కండోమ్ వాడినవాళ్లలో రెండోవాళ్లకు సోకడం 80 శాతం దాకా తగ్గింది. గనేరియా, క్లమీడియా నుంచి కూడా మంచి రక్షణే. చర్మం తగలడంతో వచ్చే హెర్పిస్, సిఫిలిస్ పుండ్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ విషయంలో మాత్రం కండోమ్ కప్పని చోటు మిగిలిపోతుంది కాబట్టి రక్షణ తక్కువ. హెపటైటిస్-బీకి, హెచ్‌పీవీకి టీకాలున్నాయి. హెపటైటిస్-బీ టీకా వేయించుకోకపోయి ఉంటే ఇద్దరూ వేయించుకోండి.

పక్క ఊరి ఆయనకు వచ్చిందంటే గల్ఫ్‌కు వెళ్లినందువల్ల వచ్చింది కాదమ్మా. రక్షణ లేని కలయిక వల్ల వస్తుంది, అది దుబాయిలోనూ జరగొచ్చు, జగిత్యాలలోనూ జరగొచ్చు. గల్ఫ్ వీసాకు మెడికల్ చేసేటప్పుడు హెచ్‌ఐవీ పరీక్ష ఎలాగూ ఉంటుంది. మీ ఆయన కూడా అది దాటే ఉంటారు. అయితే ఆ కాగితం ఆ రోజు వరకే, తర్వాతి రెండేళ్ల సంగతి అది చెప్పదు. అనుమానం లేకపోయినా భయం ఉందని రాశారే, ఆ భయానికి మందు పరీక్షే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీ అని ఉంటుంది. అక్కడ హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ముందూ తర్వాతా కౌన్సిలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. సిఫిలిస్‌కూ అప్పుడే రక్తం ఇవ్వండి. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటికి చెప్పకూడదు. ఊళ్లో తెలిసినవాళ్లు కనపడతారనిపిస్తే కరీంనగర్ వెళ్లి చేయించుకోండి. అడగాల్సినవి ఉంటే 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు, పేరు చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. సోకిన వెంటనే రక్త పరీక్షలో తెలియదు, మూడు నెలల దాకా పట్టొచ్చు. ఈ మధ్యే ఏదైనా జరిగి ఉంటే మొదటి రిపోర్టు మంచిగా వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించాలి. అందుకే ఇంజెక్షన్ తీసుకున్నా సరే, ఈ సెలవంతా కండోమ్ వాడండి. రిపోర్టు వచ్చేదాకా కలయికే వద్దనుకుంటే కౌగిలి, ముద్దు, చేతులతో ఒకరినొకరు సంతోషపెట్టుకోవడం ఉన్నాయి. వాటితో గర్భం భయం లేదు, హెచ్‌ఐవీ భయం లేదు. ఒకవేళ ఎప్పుడైనా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లతో కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరుకు వెళ్లాలి. 28 రోజుల మందులు ఇస్తారు. పాజిటివ్ అని తేలినా దారి మూసుకుపోదు. మందులు జీవితాంతం ఉచితం. క్రమం తప్పకుండా వాడి వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవాళ్ల నుంచి కలయిక ద్వారా మరొకరికి సోకదు.

ఇక ఆయన్ని ఎలా అడగాలి. 'మీరు టెస్ట్ చేయించుకోండి' అంటే ఏ మగవాడికైనా నిలదీసినట్టే ఉంటుంది. 'నేను ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్తున్నాను, మీరు వచ్చాక ఇద్దరం రక్త పరీక్షలన్నీ చేయించుకుందాం, షుగరు, హెచ్‌ఐవీ అన్నీ' అనండి. అది అబద్ధమూ కాదు, మీరూ చేయించుకోవాల్సిందే. ఆయన ఏదైనా చెప్పుకుంటే ఆ క్షణంలో తగవు పెట్టుకోకుండా ముందు పరీక్ష దాకా తీసుకెళ్లండి. గొడవ పడాలనుకుంటే తర్వాతైనా పడొచ్చు. ఈ మాటను ఆయన దిగిన రోజు రాత్రికి వదిలేయకండి, ఇప్పుడే ఫోన్‌లో చెప్పండి. వాళ్ల రూముల్లో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటారు కాబట్టి వీడియో కాల్‌లో కాకుండా ఆయన ఒక్కరే బయటికి వచ్చి మాట్లాడగలిగే సెలవు రోజు చూసుకోండి. ఈ నెల బహిష్టు రాగానే ఏఎన్‌ఎం దగ్గరికి వెళ్లి అంతర ఇంజెక్షన్ ఏ రోజు వేస్తారో అడగండి. బీపీ చూడమని కూడా చెప్పండి.